అప్పారావు గేటు దగ్గర బెల్లు

మా ఊరికీ ద్రాక్షారామానికీ మధ్య, పాత రైలుకట్ట మీద ఒక చోటుంది. దాన్ని అప్పారావు గేటు అంటారు. అప్పట్లో అక్కడ గేటు లేదు. రైలూ లేదు, పట్టాలూ లేవు. పెద్ద యుద్ధం రోజుల్లో ఆ లైను పట్టాలు పీకి పట్టుకుపోయారు. మిగిలింది పొలాల మధ్య ఎత్తుగా, తిన్నగా సాగిపోయే మట్టికట్ట, దాని మీద రెండు ఇటుక స్తంభాలు. అయినా చీకటి పడ్డాక ఆ పేరెత్తితే మా ఊళ్లో మీసాలు మెలేసే మగాళ్లు కూడా గొంతు తగ్గించేసేవారు.

ఎందుకంటే… అక్కడ రైలు వస్తుంది. దీపాలు పెట్టే వేళ దాటాక వస్తుంది. పట్టాలు లేకపోయినా వస్తుంది.

అప్పారావని ఒక గేటు మనిషి ఉండేవాడట. లైను ఎత్తేశారని అతనికి ఎవరూ చెప్పలేదట. పాపం రోజూ సాయంత్రం లాంతరు పట్టుకుని గేటు వేసి, రాని రైలు కోసం నిలబడేవాడట. అలా నిలబడే ఓ రోజు పోయాడట. పోయాక కూడా గేటు వేయడం మానలేదట.

కళ్లెదురుగా పట్టాలు పీకుతుంటే అతనికి తెలియదా, ఒకరు చెప్పాలా, అని చిన్నప్పుడు నేనడిగితే మా నాయనమ్మ శ్యామలాంబ నా నోరు మూసింది. పెద్దయ్యాక ఇంకా చాలామందిని అడిగాను. ఒక్కరి దగ్గరా జవాబు లేదు. భయం మాత్రం అందరి దగ్గరా పుష్కలంగా ఉంది.

ఆ స్తంభాల పక్కనే మురుగు కాలవ. రైలు వంతెన ఇనుము కూడా పట్టాలతోపాటే పోయింది. రెండు ఒడ్డుల్నీ కలుపుతూ ఊరివాళ్లు తాటిదుంగలు పరిచారు. ఒక మనిషి సైకిలు నడిపించుకుంటూ దాటడానికి సరిపోతుంది, అంతే. చీకట్లో అక్కడికొచ్చినవాళ్లు సైకిలు దిగి బెల్లు కొట్టాలి. అవతలి నుంచి చప్పుడు లేకపోతే దాటొచ్చు. బెల్లు వినిపించిందా… అప్పారావు గేటు వేశాడన్నమాట. మనమూ బెల్లు కొట్టి, సరే ఆగాం అని చెప్పి, రైలు వెళ్లిందాకా నిలబడాలి. నోరు మెదపకూడదు. ఎవరది అని పిలవకూడదు. పిలిస్తే మన గొంతుతోనే పలుకుతుందట.

పట్టాలు లేని చోట రైలు కోసం ఆగే జనం ప్రపంచంలో మా ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరు.

మా అన్నయ్య గణేష్‌బాబు ఇవన్నీ నమ్మనంటాడు. నమ్మడు అని రాయకుండా నమ్మనంటాడు అని ఎందుకు రాశానో మీకే తెలుస్తుంది. మాది కిరాణా కొట్టు. సరుకు పనుల మీద అన్నయ్య వారానికి నాలుగైదు సార్లు ఆ కట్ట మీద సైకిలు తొక్కేవాడు. రోడ్డు మీద లారీల దుమ్ము తింటూ ఎవడు వెళతాడు, కట్టెక్కితే గాలే సైకిల్ని తోసుకుపోతుంది అనేవాడు. అది మాత్రం నిజం. కాలేజీకి నేనూ ఆ కట్ట మీదే తొక్కాను. పుష్యమాసం పొద్దున్న వెళితే రెండు వైపులా కొత్త నాట్లు, నీళ్లలో కొంగలు, దూరంగా కొబ్బరితోటల మీద మంచు. ఎక్కడా ఎగుడు లేదు, దిగుడు లేదు, మలుపు లేదు. రైలు కోసం వేసిన దారి కదా. అంత అందమైన దారికి దెయ్యాన్ని కాపలా పెట్టిన మా ఊరివాళ్లని ఏమనాలో నాకు తెలియదు.

అన్నయ్య అక్కడితో ఆగేవాడు కాదు. నేనా గేటు దగ్గర ఇంతవరకూ బెల్లు కొట్టలేదు, కొట్టను కూడా, అని అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పేవాడు. అప్పారావు కనపడితే చిల్లర బాకీ వసూలు చేసుకొస్తాననేవాడు. కోతలు కోయడానికి అడ్డేముంది.

ఆ తరువాత నా పెళ్లి కుదిరింది. తొంభై ఆరో సంవత్సరం, వైశాఖం. పెళ్లికొడుకు మండపేటలో నూనెల వ్యాపారం చేసేవాళ్ల అబ్బాయి శివరామకృష్ణ. మనిషి నిదానం, మాట తక్కువ. నాకు నచ్చాడు. పెళ్లిచూపుల్లో ఒక్కసారి తలెత్తి చూసి, మీరు కట్ట మీద సైకిలు తొక్కుతారటగా అన్నాడు. తప్పు పడుతున్నాడేమో అనుకున్నాను. కాదు, నాకూ తొక్కాలనుంది అన్నాడు. అప్పుడే మనసులో ఒప్పేసుకున్నాను.

మా వాళ్లలో మంగళసూత్రానికి రెండు బొట్లు. పుట్టింటివారు ఒకటి చేయించాలి, అత్తింటివారు ఒకటి. మా అత్తయ్యగారికి ఒక పట్టింపు వచ్చింది. రెండూ ఒక్క అచ్చులో ఉండాలట, ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే చూడ్డానికి బాగుండదట. అందుకని వాళ్ల బంగారం కూడా రామచంద్రపురంలో మా కంసాలిగారికే ఇచ్చారు. ఆయన రేపిస్తాను, మాపిస్తాను అంటూ పెళ్లిరోజు దాకా లాక్కొచ్చాడు.

రాత్రి ముహూర్తం. మధ్యాహ్నం భోజనాలయ్యాక అన్నయ్య బొట్ల కోసం బయల్దేరాడు. వేసవి కదా, కాలవలకి నీళ్లు ఆపేశారు, రోడ్డు వంతెన పడగొట్టి కొత్తది కడుతున్నారు. బస్సులు ఎక్కడెక్కడో తిరిగి వస్తున్నాయి. సైకిలుకి కట్ట ఒక్కటే దారి. షాపు సైకిలు ఖాళీగానే ఉంది గానీ అన్నయ్య దాన్ని ముట్టుకోలేదు. నాన్నగారి కాలం నాటిది. మడ్‌గార్డు గడగడలాడుతుంది, బెల్లు పగిలి దగ్గుతుంది. పెళ్లికూతురి అన్నయ్య అలాంటి బండెక్కుతాడా. తన కొత్త సైకిలు తుడుచుకుని, డైనమో సరిచూసుకుని వెళ్లాడు.

వెళ్లేముందు నాయనమ్మ, గేటు దగ్గర బెల్లు కొట్టు నాయనా అంది. అన్నయ్య నవ్వాడు. పెళ్లికొడుకు బాబయ్య చిట్టియ్యగారు అంతకంటే గట్టిగా నవ్వారు. నాకు వరసకి చినమావయ్యగారు, మావయ్యగారు పోయాక ఆ ఇంటికి పెద్ద ఆయనే. మండపేట మనిషి, మిల్లు ఇంజన్ల మధ్య పెరిగినవారు. పట్టాలు లేని రైలేంటండీ, అది మా ఊరు వస్తే బియ్యం లోడు చేసి పంపుతాం అని పందిట్లో వందమంది ముందు అన్నారు. మా ఊరివాళ్లు మొహాలు మాడ్చుకున్నారు. అప్పుడు మాత్రం ఆయన మీద నాకు గౌరవం కలిగింది. అది సాయంత్రం దాకా నిలిచింది.

ఇక్కణ్ణుంచి అన్నయ్య చెప్పినట్టే చెబుతాను. నేనక్కడ లేను. మెడ తిప్పడానికి వీల్లేకుండా పూలజడ కుట్టించుకుని, పెరటి కిటికీ పక్కన పెళ్లికూతురిగా కూర్చుని ఉన్నాను.

కంసాలిగారు ఆలస్యం చేశారు. ఎర్రకాయితంలో కుంకం వేసి, రెండు బొట్లూ పొట్లం కట్టి ఇచ్చేసరికి పొద్దు వాలిపోయింది. అన్నయ్య పొట్లం బనీను జేబులో పెట్టుకుని తొక్కాడు. ద్రాక్షారామంలో గుడిగంట విన్నాడు. కట్టెక్కేసరికి చీకటి పడింది. కృష్ణపక్షం. చంద్రుడు ఇంకా రాలేదు.

కట్ట మీద తనొక్కడే. కింద దాళ్వా పంట కోసేసిన చేలు, అక్కడక్కడా నల్లగా గడ్డిమేట్లు. డైనమో కుయ్‌మని తిరుగుతోంది. ముందు చక్రం దగ్గర చాపంత వెలుగు.

భయం లేదన్నాడు. ఈల వేసుకుంటూ తొక్కానన్నాడు. చీకట్లో ఒంటరిగా ఈల ఎందుకు వేస్తారో చిన్నపిల్లలకి కూడా తెలుసు. పోనివ్వండి, ఆ కథ తననే చెప్పనిద్దాం.

స్తంభాలు ఇంకొంచెం దూరం ఉన్నాయనగా… ఎదురుగా ఒక దీపం.

ఒక్కటే. కట్టకి సరిగ్గా నడిమధ్య. నేల మీద లేదు, గాల్లో లేదు — మనిషి నడుమెత్తులో ఉంది. కొద్దిగా వణుకుతూ, తిన్నగా తన వైపే వస్తోంది. దానితోపాటే ఒక చప్పుడు… గడగడ… గడగడ… గడగడ…

పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. అది రైలు కోసం కట్టిన దారి. ఆ దారిలో ఎదురుగా ఒక దీపం, ఆ చప్పుడు…

ఈల ఆగిపోయింది. అన్నయ్య సైకిలు ఆపేశాడు.

అదే క్షణాన అవతల దీపం ఆరిపోయింది. చప్పుడూ ఆగిపోయింది.

సైకిలు ఆగింది కాబట్టి తన దగ్గరా వెలుగు లేదు. చుట్టూ కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. ఎవరో కుర్రాళ్లు ఆటపట్టిస్తున్నారని తనకి తనే చెప్పుకున్నాడు. దిగి, సైకిలు నడిపించుకుంటూ మెల్లగా స్తంభాల దాకా వెళ్లాడు. చేత్తో తడిమితే ఇటుక ఇంకా పగటి వేడితో ఉంది. అవతలి ఒడ్డున ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టనిపించింది.

అప్పుడు మోగింది… బెల్లు.

తను కొట్టలేదు. చేతులు రెండూ హ్యాండిల్ చివర్లనే ఉన్నాయి. కొట్టనని ఊరందరికీ చెప్పుకున్నవాడు కదా.

బొటనవేలు దానంతటదే కదిలి జవాబుగా బెల్లు కొట్టింది. మళ్లీ అవతల బెల్లు. మళ్లీ తను. రైలు వెళ్లిపోతుందేమోనని చూశాడు. ఏమీ వెళ్లలేదు. ఏమీ రాలేదు. ఎవరది అని అడుగుదామని నోరు తెరిచి, తన గొంతే తిరిగి వినపడుతుందేమోనని మూసేసుకున్నాడు. జేబులో పొట్లం గుండెకి కొట్టుకుంటోంది. అక్కడ పెళ్లి… ఇక్కడ ఇది.

చివరికి చెల్లెలు గుర్తొచ్చిందట. నా కోసం, కేవలం నా కోసం, దేవుణ్ణి తలుచుకుని తాటిదుంగ మీద కాలు పెట్టాడట.

దుంగ కదిలింది.

తను కాలు పెట్టిన వైపు కాదు. అవతలి కొసన ఎవరో కాలు పెట్టినట్టు… కిర్రుమని… ఆ కదలిక దుంగ పొడుగునా పాకుతూ వచ్చి తన అరికాలికి తగిలింది.

ఆ తరువాత సైకిలు ఎప్పుడు తిప్పాడో, ఎలా ఎక్కాడో తనకే తెలియదన్నాడు. వెనక గడగడ చప్పుడు మాత్రం విన్నాడు. రామచంద్రపురంలో కంసాలిగారి గుమ్మం ముందు పడ్డదాకా వెనక్కి తిరిగి చూడలేదు. నా మంగళసూత్రాలు జేబులో వేసుకుని, నా పెళ్లికి ఎదురు దిక్కుగా, తన జన్మలో ఎన్నడూ తొక్కనంత వేగంగా తొక్కాడు మా అన్నయ్య.

ఇక్కడ పందిట్లో ఒక్కొక్కరి గొంతూ తగ్గుతోంది. గణేష్‌బాబు ఏడీ అంటే ఏడీ అని. అంతలో చినమావయ్యగారు కాస్త రోడ్డు దాకా వెళ్లి చూసొస్తానని షాపు సైకిలు తీసుకుని వెళ్లారు. చాలాసేపటికి తిరిగొచ్చారు. కిటికీలోంచి నేనే చూశాను. స్టాండు కూడా వేయకుండా సైకిల్ని గోడ మీదికి వదిలేశారు. రోడ్డు మీద కుర్రాడి జాడ లేదని, కడుపులో తిప్పుతోందని, తెల్ల పంచె నిండా మట్టితో వచ్చి మంచం మీద ముడుచుకున్నారు. పొద్దున్న మేం పెట్టిన పెసరట్టు పడలేదన్నారు. మా అమ్మ మొహం చిన్నబోయింది.

ముహూర్తం దగ్గరపడింది. నన్ను తీసుకెళ్లి పీటల మీద కూర్చోబెట్టారు. బొట్లు లేవన్న మాట అప్పటికి అందరికీ తెలిసిపోయింది. గేటు దగ్గర ఏదో అయ్యుంటుందని మా ఊరివాళ్లే గుసగుసలు మొదలుపెట్టారు. ఆ మాట అత్తయ్యగారి చెవిన పడింది. ఆమె మెల్లగా, ఎవరితోనో అన్నట్టుగా అన్నారు. అపశకునంలా ఉంది, ఈ ముహూర్తం వదిలేసి ఇంకోటి చూసుకుందాం అని.

ఇంకోటి అంటే ఏమిటో నాకు తెలుసు. ఇవాళ లేచి వెళ్లిన పెళ్లివారు మళ్లీ వచ్చి కూర్చోరు. ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. ఒక పాత కట్ట, ఒక చచ్చినవాడి లాంతరు, వాటికి నా పెళ్లితో ఏం పని.

నాయనమ్మ లేచింది. పళ్లెంలోంచి ఒక పసుపుకొమ్ము తీసి, పసుపుదారానికి కట్టి పంతులుగారికి అందించింది. మా అమ్మమ్మల కాలంలో ఇలా ఎన్ని పెళ్లిళ్లు జరగలేదు అంది. శాస్త్రం ఒప్పుకుంటుందని పంతులుగారు అన్నారు. అందరూ మంచం మీదున్న చినమావయ్యగారి వైపు చూశారు. ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు.

అప్పుడు శివరామకృష్ణ తల తిప్పకుండా, వాళ్లమ్మకి వినపడేలా అన్నాడు.

"ఇది చాలమ్మా. కట్టేస్తాను."

కట్టేశాడు. మూడు ముళ్లూ గట్టిగా వేశాడు. ఆ దారం ఒరుసుకుని నా మెడ వెనక ఎర్రగా కందింది. ఆ మంట నాకెంత బాగుందో చెప్పలేను.

కానీ కథ అక్కడితో అవలేదు. మర్నాడు పొద్దున్న మొదటి బస్సులో, చుట్టూ తిరిగి, అన్నయ్య దిగాడు. కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. ఎర్రపొట్లం అమ్మ చేతిలో పెట్టి, అరుగు మీద కూలబడి, దీపం దగ్గర్నుంచి దుంగ దాకా చెప్పాడు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. నిన్నటిదాకా కోతలు కోసినవాడు ఇవాళ స్వయంగా చూసొచ్చాడు, ఇంకేం కావాలి వాళ్లకి.

అన్నయ్య చెబుతుంటే చినమావయ్యగారు మంచం మీద లేచి కూర్చున్నారు. మొహంలో రక్తం లేదు. కుటుంబం పెద్దగా తీర్పు చెప్పారు. ఆ బొట్లు దెయ్యం చూసిన బొట్లు. అవి మెళ్లో వేసుకుని అమ్మాయి మా గడప తొక్కడానికి వీల్లేదు. శాంతి జరగాలి. పదహారు రోజుల పండగనాడు వచ్చి చూద్దాం. మిగతాదంతా అప్పుడే.

నిన్న పందిట్లో నవ్విన మనిషి ఈయనేనా అనుకున్నాను. మిగతాదంటే ఏమిటో ఎవరూ అడగలేదు. పెళ్లివారి వ్యాను వెళ్లిపోయింది. శివరామకృష్ణ వ్యాను మెట్టు మీద నిలబడి నా వైపు చూశాడు. తల్లి ముందు ఇంకో మాట అనలేకపోయాడు. ఒక్క మాటకే సరిపోయింది ఆయన ధైర్యం.

పెళ్లయిన పిల్లని పుట్టింట్లో వదిలేసి వెళ్లారు. పదహారు రోజులూ నేను పసుపుకొమ్ముతో కొట్టు వెనక గదిలో గడిపాను. బొట్ల పొట్లం దేవుడి గూట్లో ఉంది. దాన్ని తాకడానికి మా అమ్మే భయపడింది. కొట్టుకొచ్చిన ప్రతి ఆడమనిషీ బెల్లం కొని, నా మెడ వైపు చూసి, పెదవి చప్పరించి పోయేది. దెయ్యం ఆపిన పెళ్లికూతురంటే నేనే. అన్నయ్య మాత్రం గొప్పవాడైపోయాడు. పొరుగూళ్ల నుంచి వచ్చి మరీ చెప్పించుకునేవారు. చెప్పినకొద్దీ కథ నునుపెక్కింది. మొదట ఆపినచోట ఇప్పుడు ఇంకొంచెం సేపు ఆపేవాడు.

పదహారు రోజుల పండగకి మండపేట నుంచి అందరూ వచ్చారు. ఆ రోజు బొట్లు దారంలోంచి తీసి బంగారు గొలుసులోకి, నల్లపూసల్లోకి మార్చాలి. మాకు మార్చడానికి దారంలో బొట్లే లేవు. దీపాలు పెట్టాక హాల్లో చాపలు పరిచారు. నడుమ చినమావయ్యగారు. శాంతికి పంతుల్ని మాట్లాడామని, దోషం పెద్దదైతే అమ్మాయిని ఇంకొన్నాళ్లు ఇక్కడే ఉంచక తప్పదని, కాఫీ చల్లార్చుకుంటూ సెలవిచ్చారు. అత్తయ్యగారు తలూపారు. శివరామకృష్ణ నేల వైపు చూస్తున్నాడు.

అసలేం జరిగిందో మరోసారి వింటే దోషం తేలుతుందని ఎవరో అన్నారు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

నేను జంతికల పళ్లెంతో గుమ్మంలో ఉన్నాను. దీపం వచ్చింది, ఆరింది. స్తంభాలు వచ్చాయి. అందరూ ముందుకు వంగారు. బెల్లు దగ్గరికొచ్చేసరికి ఎవరో పెద్దాయన, ఎలా మోగింది బాబూ, మన బెల్లులాగానేనా అని అడిగాడు. అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న అది.

కాదండి, అదే విచిత్రం, అన్నాడు అన్నయ్య. కళ్లు మూసుకుని, గుర్తు చేసుకుని, నోటితో పలికించాడు.

"ట్రింగ్… ఖళ్… ఖళ్…"

ఆ దగ్గు నాకు తెలుసు.

పళ్లెం కింద పెట్టి పెరట్లోకి వెళ్లాను. కొత్త పెళ్లికూతురు అలా మధ్యలో వెళ్లిపోకూడదని అమ్మ వెనక నుంచి అంటోంది. గోడకి ఆనించి ఉంది షాపు సైకిలు. పెళ్లినాటి నుంచి ఎవరూ దాన్ని కడగలేదు. మడ్‌గార్డు మీద కట్ట మట్టి ఎండిపోయి ఉంది. బెల్లు మీద వేలు పెట్టి నొక్కాను.

ట్రింగ్… ఖళ్… ఖళ్…

లోపల ఎవరో కెవ్వుమన్నారు. మళ్లీ నొక్కాను. ఈసారి ఎవరూ అరవలేదు. సైకిల్ని నడిపించుకుంటూ వచ్చి హాలు గుమ్మం ముందు నిలబెట్టాను. దారంతా మడ్‌గార్డు గడగడ… గడగడ… అంటూనే ఉంది.

"అన్నయ్యా, నీ రైలు ఇదేనా?"

అన్నయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. అ ఆలు నేర్చుకునే వయసులో ఆ సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని బడికి వెళ్లినవాడు. ఆ బెల్లు వినపడితే నాన్నగారు వస్తున్నారని వీధి చివరికి పరిగెత్తినవాడు.

ఆ సాయంత్రం ఈ సైకిలు ఎవరు తీసుకెళ్లారో నేను అడగలేదు. అడగక్కర్లేకపోయింది. కాఫీ గ్లాసు చప్పుడు చేస్తూ కింద పెట్టింది ఒక్కరే. అత్తయ్యగారు మరిది వైపు తిరిగారు.

"ఏంటి చిట్టియ్యా? రోడ్డు దాకా అన్నావు కదా?"

ఆయన తల వంచుకుని, బతిమాలుతున్నట్టు అన్నారు.

"దుంగ నిజంగానే కదిలింది వదినా."

ముందు నవ్వింది నాయనమ్మ. తరువాత ఎవరు నవ్వలేదో చెప్పడం కష్టం. కుర్రాడు కట్ట మీదుగానే వస్తాడని ఆయన కూడా కట్టెక్కారు. ఎదురుగా దీపం చూశారు. ఇటు సైకిలు ఆగి డైనమో దీపం ఆరితే, అటూ సైకిలు ఆగి దీపం ఆరింది. ఇటు బెల్లు కొడితే అటు బెల్లు కొట్టారు. ఒకరు మంగళసూత్రాలు తెస్తున్నవాడు, ఒకరు వాటిని వెతుక్కుంటూ వెళ్లినవారు. ఇద్దరూ మురుగు కాలవకి చెరో ఒడ్డునా నిలబడి, రాని రైలుకి దారిచ్చుకున్నారు. చివరికి ధైర్యం తెచ్చుకుని ఇద్దరూ ఒకే దుంగ మీద ఒకేసారి కాలు పెట్టి, ఒకేసారి పారిపోయారు. వాళ్లలో ఎవడైనా ఒక్కడు నోరు తెరిచి ఎవరది అని ఉంటే నా పెళ్లి బంగారంతోనే జరిగేది. అసలా బెల్లు కొట్టే అలవాటు ఒకరే పట్టే దుంగల మీద ఇద్దరు ఎదురుపడకుండా పెట్టుకున్నదే అయ్యుంటుంది. మంచి తెలివి. దానికి అప్పారావుని తగిలించి ఎందుకూ పనికిరాకుండా చేశారు.

శివరామకృష్ణ లేచి, దేవుడి గూటి దగ్గరికి వెళ్లాడు. దెయ్యం చూసిన పొట్లాన్ని తన చేత్తోనే తీసి నాయనమ్మకి ఇచ్చాడు. శాంతి మాట ఇంకెవరూ ఎత్తలేదు. గొలుసు నా మెడలో వేస్తుంటే అత్తయ్యగారు కళ్లు తుడుచుకున్నారు. రెండు బొట్లూ ఒక్క అచ్చులోనే ఉన్నాయి. చాలా బాగున్నాయి. ఆ రాత్రే మండపేట వెళ్లాం. పసుపుకొమ్ము ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఒక్క గొడవ మాత్రం ఆ రోజే మొదలై ఈ రోజుకీ తేలలేదు. ముందు బెల్లు ఎవరు కొట్టారు? మీరే అంటాడు అన్నయ్య. నువ్వే కదయ్యా, నేను జవాబు మాత్రమే ఇచ్చాను అంటారు చినమావయ్యగారు. ఇద్దరూ బెల్లు కొట్టేవాళ్లని వెక్కిరించినవాళ్లే. ఇద్దరికీ పౌరుషమే. అన్నవరం తీసుకెళ్లి సత్యనారాయణస్వామి ఎదుట నిలబెట్టినా ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. మొదటి బెల్లు నాది కాదు అని.

సిగ్గుతో అబద్ధమాడుతున్నారు, అంతే. నేను ఎప్పుడూ అలాగే చెబుతాను.

తరువాత కొన్నేళ్లకి ఆ కట్ట మీద మళ్లీ పట్టాలు వేశారు. నిజం రైలు వచ్చింది. అప్పారావు స్తంభాలు తీసేసి నిజం గేటు పెట్టారు. పట్టాలు లేని రోజుల్లో బుద్ధిగా ఆగి నిలబడ్డ మా ఊరి జనం, ఇప్పుడు ఎదురుగా ఇంజను కూత పెడుతున్నా సైకిళ్లు పక్కకి వాల్చి గేటు కింద నుంచి దూరిపోతున్నారు. వాళ్లకి ఏ దెయ్యం సరిపోతుందో నాకు తెలియదు.

పుట్టింటికి వచ్చినప్పుడు చీకటి పడ్డాక మేమూ ఆ గేటు దగ్గర ఆగుతాం. రైలు వెళ్లిపోతుంది. గేటు లేస్తుంది. ముందు ఎవరైనా అడ్డముంటే మా ఆయన స్కూటరు హారన్ మీద వేలు పెడతారు.

నేను గేటు అవతలికి ఓ చెవి వేసి, వెనక నుంచి ఆ చెయ్యి పట్టుకుంటాను. వాళ్లే తప్పుకుంటారు, హారన్ వద్దండీ అంటాను.

ఆయన వేలు తీసేస్తారు. ఎందుకని మాత్రం ఇంతవరకూ అడగలేదు.